శ్రావణ శుక్రవారం, పన్నెండు గంటలు

మెదక్,
9 ఆగస్టు 2011, మంగళవారం

రచనకు,

నిన్న మా ఇంటర్నెట్ సెంటర్‌లోని కంప్యూటర్లన్నీ పోలీసులు జీపులో వేసుకుని పోయారు. రేపో ఎల్లుండో నన్ను కూడా స్టేషన్‌కు పిలుస్తారని మా ఓనరు జయానందం సార్ అంటున్నాడు. అందుకే ఇప్పుడే నీకు రాయక తప్పడం లేదు.

ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, ఎవరైనా వింటారేమోనని పెట్టేశాను. మెయిల్ రాయడానికి కంప్యూటర్ లేదు. ఉన్నా మీ ఆఫీసు మెయిళ్లు పైవాళ్లు చూస్తారని నువ్వే ఒకసారి చెప్పావు. అందుకని మీ హాస్టల్ అడ్రసుకు ఈ ఉత్తరం. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఉత్తరాలతో ఏం పని.

కాలేజీ సీట్ల వెబ్‌సైట్ శుక్రవారం మధ్యాహ్నం ఆగిపోయి శనివారం రాత్రి దాకా లేవలేదని నీకు నేను చెప్పాలా, దాన్ని నడిపేది మీ కంపెనీయే. కాలేజీలు ఎంచుకునే గడువు ఆదివారం దాకా పెంచారు. ఆదివారం మా దిక్కు రాస్తారోకో, బస్సులు తిరగలేదు. ఊళ్లల్లో పిల్లలు రాలేకపోయారు. శనివారం నుంచి రాందాస్ చౌరస్తాలో తల్లిదండ్రులు కూర్చుని అరుస్తున్నారు. పక్కనే తెలంగాణ కోసం రిలే దీక్షల టెంటు ఉంది కదా, రెండు గుంపులూ కలిసిపోయాయి. టీవీలో మీ కంపెనీవాళ్లు, 'కొన్ని జిల్లాల్లో ఉద్యమకారులు కావాలని వెబ్‌సైట్ మీద దాడి చేశారు' అని చెప్పారట. ఆదివారం రాత్రి కింద తిరిగే అక్షరాల్లో మా మెదక్ పేరు వచ్చింది. సోమవారం పొద్దున జీపు వచ్చింది.

ఎస్సై నా కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

"గీడ కూసునేది నువ్వేనా?"

"నేనే సార్."

"ఏం చదివినవ్?"

"బీకాం కంప్యూటర్స్ సార్."

"మస్తు చదివినవ్. గందుకే హైదరాబాద్‌ల ఉన్న వెబ్‌సైటును మెదక్‌ల కూసోని పడగొట్టినవ్."

కానిస్టేబుళ్లు నవ్వారు. నవ్వులాటకే అన్నాడేమో నాకు తెలియదు. జయానందం సార్ "ఆమె నౌకరు చేసేటామె సార్, ఏమన్న ఉంటె నన్నడుగుండ్రి" అన్నాడు. "నిన్ను గూడ అడుగుతం, ఫికర్ చెయ్యకు" అన్నాడు ఎస్సై.

ఇంటికి వచ్చి చెప్పగానే మా అమ్మ నా సర్టిఫికెట్లన్నీ పాత చీరలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. "కంప్యూటర్లు కొంచవోయినోళ్లు కాయితాలు ఇడుస్తరా బిడ్డా" అంటుంది. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చింది నాకొక్కదానికే. కేసు పడితే ఇక ఏ ఉద్యోగానికీ నా పేరు పనికిరాదు. నా చదువు ఆ బియ్యం డబ్బాలోనే ఉండిపోతుంది.

మేము రోజూ చేసినట్టే చేశాం. పదకొండు కంప్యూటర్ల సెంటర్ అంత పెద్ద వెబ్‌సైట్‌ను పడగొట్టగలదా? నువ్వు ఆ మిషన్లు చూసే గదిలోనే పనిచేస్తావు. ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క రాయి. రోడ్డు మీద జీపు చప్పుడైతే రాస్తున్న కాగితం చాప కింద పెట్టేస్తున్నాను.

యశోద

*

అమీర్‌పేట, హైదరాబాద్,
11 ఆగస్టు

యశూ,

ఉత్తరమేంటా అని కవరు చింపుతూ నవ్వుకున్నాను. చదివాక నవ్వు రాలేదు.

ఆఫీసు అడ్రసుకు మాత్రం ఎప్పుడూ రాయకు. ఇక్కడ అందరూ నిప్పుల మీద ఉన్నారు. వెబ్‌సైట్ పడిపోవడానికి వంద కారణాలుంటాయి, అవన్నీ కంపెనీ విషయాలు, బయటివాళ్లకు చెప్పకూడదని మాతో సంతకాలు తీసుకుంటారు. పైగా అది ఆగిపోయినప్పుడు నేను భోజనానికి వెళ్లాను. నాకు తెలిసింది కూడా తక్కువే.

కానీ నేనొకటి అడగాలి. అల్లాదుర్గ్ నుంచి వచ్చానంటూ ఒక పెద్దాయన మీ చౌరస్తాలో మైకు ముందు మాట్లాడింది మా మేనేజర్ పదిసార్లు పెట్టి చూశాడు. నేనూ వెనక నిలబడి చూశాను. "గా కంప్యూటర్ పిల్ల ఒకటి, రెండు, మూడు అన్నది. అందరం ఒక్కపాలి నొక్కినం. గంతే, బందయింది" అన్నాడాయన. ఆ పిల్ల నువ్వేనా? రోజూ చేసినట్టే చేశామని రాశావు. రోజూ ఒకటి, రెండు, మూడు అంటావా?

పన్నెండు కొట్టగానే మీ దగ్గర నుంచి పదకొండు నొక్కుళ్లూ ఒకేసారి వచ్చి పడ్డాయి. నేను తెర మీద చూశాను. మేనేజర్ దాన్నే పట్టుకున్నాడు. దాడి కాకపోతే మరి అదేంటి అంటున్నాడు. నాకు నిజం చెప్తే కదా నేనేమైనా చెయ్యగలిగేది.

అమ్మను అడిగానని చెప్పు. ధైర్యంగా ఉండు.

రచన

*

మెదక్,
14 ఆగస్టు, ఆదివారం

రచనా,

అవును, ఆ పిల్లను నేనే. భయపడి రాయలేదు. అది రాస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుందేమో అనుకున్నాను. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

ఏ కాలేజీ కావాలో వరసగా ఎంచుకుని, చివరికి ఒక బటన్ నొక్కాలి కదా. నొక్కితే మళ్లీ మార్చడానికి లేదు. ఆ ఒక్క నొక్కుడు మా దగ్గర పెళ్లి ముహూర్తం కన్నా ఎక్కువైపోయింది. జులై అంతా సెంటర్ నిండా పిల్లలే. ఎంచుకుంటారు, చెరుపుతారు, మళ్లీ ఎంచుకుంటారు. నొక్కమంటే మాత్రం "ఆషాఢంల నొక్కుతరా ఎవలన్న?" అంటారు. ఆషాఢం పోయింది. ఆదివారం పాడ్యమి వద్దన్నారు, మంగళవారం అసలే వద్దన్నారు. చివరికి అందరూ మొదటి శ్రావణ శుక్రవారం మీద పడ్డారు. శనివారం ఆఖరు రోజు, అయినా శనివారం నాడు బిడ్డ చదువు మొదలుపెడతామా అని.

శుక్రవారం పొద్దున్నే అల్లాదుర్గ్ నుంచి భూమయ్య కాక తన కూతురు దేవికను తీసుకుని వచ్చాడు. టీవీలో నువ్వు చూసింది ఆయన్నే. బస్సు ఆలస్యమై వచ్చేసరికి పదిన్నర దాటింది. దేవిక అన్నీ నింపి, నొక్కబోయింది. ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. ఇయ్యాల శుక్రారం. పన్నెండు దాక రాహుకాలం."

"కంప్యూటర్‌కు రాహుకాలం ఉండదు కాకా" అన్నాను.

"కంప్యూటర్‌కు లేకపోతె లేదు. నా బిడ్డకున్నది."

"బాపూ, ఇజ్జత్ తియ్యకు" అంది దేవిక తల వంచుకుని.

"ఇజ్జత్ సీటొస్తె ఉంటది, రాకపోతె పోతది. కూసో."

పక్క కంప్యూటర్ దగ్గర కొడుకుతో వచ్చిన నిర్మలమ్మ కూడా "అగో, నేను మరిసేపోయిన. ఒరేయ్, చెయ్యి తియ్యి" అంది. అట్లా ఒకరిని చూసి ఒకరు, పదకొండు కంప్యూటర్ల ముందు పదకొండు మంది పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెనక తండ్రులు, తల్లులు. జయానందం సార్ తలుపు దగ్గర నిలబడి "నేను చర్చికి పొయ్యేటోణ్ని, నాకు రాహుకాలం పట్టది. గిరాకీకి పడితె మాత్రం నాకూ పడుతది" అని నవ్వాడు.

పన్నెండు ఎవరి గడియారంలో అయితే పన్నెండు అని ఇంకో పంచాయితీ. నిర్మలమ్మ గడియారం ముందు నడుస్తుందట, భూమయ్య కాకది ఆగి ఆగి నడుస్తుందట. పక్క హోటల్‌లో టీవీ పెట్టించి, వార్తల సంగీతం రాగానే అనుకున్నారు. అప్పుడు భూమయ్య కాక అన్నాడు, "నువ్వు చెప్పమ్మా. సదువుకున్నదానివి. నీ నోటి మీద నొక్కుతం."

రచనా, నిజం చెప్తున్నాను, నాకు గర్వంగా అనిపించింది. మా నాన్న ఎల్లయ్య పది మందిలో కూర్చుంటే ఏనాడూ ఎవరూ ఆయన మాట కోసం ఆగలేదు. అంతమంది పెద్దవాళ్లు నా నోటి వైపు చూస్తున్నారు. నేను ఒకటి, రెండు, మూడు అన్నాను.

తెరలు తెల్లగా అయ్యాయి. అంతే. మళ్లీ రాలేదు.

కాసేపటికి టెంటు నుంచి స్వామి వచ్చాడు. తెలుసు కదా, మా వీధి యాదవ్వ కొడుకు, దీక్షల దగ్గర డప్పు కొడతాడు, కరపత్రాలు మా దగ్గరే ప్రింట్ తీసుకుంటాడు. అందరూ తెల్లమొహాలు వేసుకుని కూర్చుంటే వాడు చూసి "ఏందుల్లా, వెబ్‌సైటు గూడ బంద్‌ల కూసున్నదా? జై తెలంగాణ!" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. అప్పుడు నవ్వినవాళ్లలో ఎవరో ఆ మాట స్టేషన్‌లో చెప్పారు.

నిన్న నన్ను పిలిచారు. జయానందం సార్‌ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఎస్సై ఈసారి నాకు కుర్చీ వేయించాడు. కుర్చీ వేయించినందుకే ఎక్కువ భయమైంది.

"సూడు బిడ్డా, నువ్వు ఆడపిల్లవు. నీకు గీ లొల్లి ఎందుకు. ఒక్క పేరు చెప్పు. గా స్వామిగాడు మీకాడికి వస్తుండు గదా. గాడే అందరితోని ఒక్కసారి నొక్కిపిచ్చిండని రాసియ్యి. నీ పేరు సాక్షుల ఉంటది. లేకపోతె ముద్దాయిల ఉంటది."

"స్వామి తర్వాత వచ్చిండు సార్. రాహుకాలం పోవాలని ఆగినం సార్."

"రాహుకాలమా? గిది పై ఆఫీసర్లకు చెప్తె నా ముఖాన ఉమ్ముతరు."

ఆలోచించుకుని చెప్పమని పంపేశాడు. వచ్చేటప్పుడు బస్టాండ్‌లో నిజాంపేట నుంచి వచ్చిన ఒక తండ్రీకొడుకులు కనిపించారు. వాళ్లూ అదే చెప్పారు. వాళ్ల సెంటర్‌లో కూడా అందరూ పన్నెండు దాకా ఆగి నొక్కారట. వాళ్ల చుట్టాలు కరీంనగర్‌లో కూడా అంతేనట. ఇంటికి వచ్చి కూర్చుని ఆలోచించాను. మేము పదకొండు మందిమి కాదు రచనా. రాష్ట్రం మొత్తం ఆ శుక్రవారం కోసమే ఆగింది. అట్లయితే పదిన్నర నుంచి పన్నెండు దాకా మీ దగ్గర ఎవరూ లేక ఖాళీగా ఉండి ఉండాలి కదా? అంతసేపు అట్లా ఖాళీగా ఉంటే మీకు ఏమీ అనిపించలేదా? అది ఒక్కటి మీవాళ్లు చెప్తే చాలు, దాడి కాదని తేలిపోతుంది.

ఇంకొకటి. భోజనానికి వెళ్లానని రాశావు. మా పదకొండూ తెర మీద చూశానని కూడా రాశావు. నేను ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదివాను. ఏమీ అనుకోకు, అడుగుతున్నాను, అంతే.

యశోద

*

హైదరాబాద్,
17 ఆగస్టు

యశోదా,

డాడీతో మాట్లాడాను. మీ ఎస్సై ఆయనకు తెలిసినవాడే. నీ మీద కేసు రాకుండా చూస్తానన్నాడు. కానీ వాళ్లకు పైనుంచి ఒత్తిడి ఉంది, ఎవరో ఒకరి పేరు కావాలి. స్వామి మీద ఇప్పటికే రాస్తారోకో కేసులున్నాయట. ఇంకొకటి వస్తే వాడికి కొత్తగా పోయేదేమీ లేదు. రేపు తెలంగాణ వస్తే ఆ కేసులన్నీ ఎత్తేస్తారు కూడా. నువ్వు రాసిచ్చేసి బయటపడు. నీ మంచికే చెప్తున్నా. నీ చదువు, మీ అమ్మ, అన్నీ ఆలోచించుకో.

రాహుకాలం సంగతి ఎక్కడా ఎత్తకు. నవ్వులపాలవుతావు. ఎవరూ నమ్మరు.

ఇక ఈ ఉత్తరాలు ఆపేద్దాం.

రచన

*

హైదరాబాద్,
19 ఆగస్టు, శుక్రవారం

యశూ,

మొన్న రాసిన ఉత్తరం డబ్బాలో వేసినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఆపేద్దామన్నదాన్ని నేనే రాస్తున్నాను.

నేను భోజనానికి వెళ్లలేదు. తెర ముందే ఉన్నాను.

ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి, వెబ్‌సైట్‌లోకి ఎంతమంది వస్తున్నారో తెర మీద చూపించే గీత కొండ ఎక్కినట్టు ఎక్కుతూనే ఉంది. పదిన్నర దాటగానే పడిపోయింది. నేలకు అంటుకుంది. మేనేజర్ వచ్చి "రష్ అయిపోయిందా?" అన్నాడు. నేను "అయిపోయినట్టుంది సార్" అన్నాను. వారం నుంచి వాయిదా పడుతున్న రిపేరు ఒకటి ఉంది, ఇదే సందు అన్నాడు. సర్వర్లలో సగం ఆపమన్నాడు. నేనే ఆపాను, నా చేత్తో. గంటలో మళ్లీ పెట్టేయొచ్చనుకున్నాం. పెట్టలేదు, రిపేరు పొడుగైంది. పన్నెండు కొట్టింది.

ఆ గీత లేచిన తీరు నేను చెప్పలేను. నిలువుగా గోడలా లేచింది. మిగిలిన సగం ఆ బరువుకు ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. గదిలో ఎవరో "అటాక్, అటాక్" అని అరిచారు. అందరం ఆ మాట పట్టుకున్నాం. అంత హాయిగా అనిపించింది ఆ మాట.

శుక్రవారమని నాకు తెలుసు యశూ. ఆ పొద్దునే అమ్మ ఫోన్ చేసి శ్రావణ శుక్రవారం, తలస్నానం చేశావా అని అడిగింది. రాహుకాలంలో గడప దాటనివ్వని లలితమ్మ కూతుర్ని నేను. మా ఊరు హవేలిఘనపూర్‌లో ఏ ఇంట్లో ఎప్పుడు ఏం మొదలుపెడతారో, ఏం పెట్టరో నాకు తెలియదా? ఆ గదిలో ఏసీ కింద కూర్చుని గీత చూస్తుంటే అది మనుషుల గీత అని గుర్తు రాలేదు. నువ్వు 'ఏమీ అనిపించలేదా' అని అడిగావు. ఆ ఒక్క ప్రశ్నకే నేను మొన్న అంత కటువుగా రాసింది.

'బయటి దాడి' అని రిపోర్టు వెళ్లిపోయింది. కింద ఉన్న సంతకాల్లో నాది కూడా ఒకటి. సగం ఆపిన సంగతి అందులో లేదు. ఇప్పుడు చెప్తే ఉద్యోగం పోవడమే కాదు, అబద్ధపు రిపోర్టు మీద సంతకం పెట్టినందుకు నన్నే లాగుతారు. మేనేజర్ నా మీదికి తోసేస్తాడు, "రష్ అయిపోయిందని ఆ పిల్లే అన్నది" అంటాడు. అన్నాను కూడా.

నాకు చాలా భయంగా ఉంది. నీకున్నంత భయం ఉందని అనను. ఇది చదివి పొయ్యిలో పెట్టు. దయచేసి.

రచన

*

మెదక్,
21 ఆగస్టు, ఆదివారం

రచనా,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం హెడ్ పోస్టాఫీసుకే పోయి తెచ్చుకున్నాను, ఆదివారమైనా తెలిసిన పోస్ట్‌మన్ వెతికి ఇచ్చాడు. మూడుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. అమ్మ "ఏం కాయితం బిడ్డా?" అంది. "రచన రాసింది" అన్నాను. "పటేలు బిడ్డ రాసింది కాలవెడుతవా" అని నొచ్చుకుంది. కాలేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చూపించడానికి నా దగ్గర ఇప్పుడేమీ లేదు. నువ్వు చెప్తేనే ఉంది, చెప్పకపోతే లేదు. ఆ ఉత్తరాన్ని దాచిపెట్టుకుంటే నేనూ ఆ ఎస్సైలాగే నీకు కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు అవుతుంది. అందుకే కాల్చాను.

చదివినప్పుడు మొదట నీ మీద కోపం రాలేదు. నాకు ఊపిరి ఆడింది. పదిహేను రోజులుగా నా నోట్లోంచి వచ్చిన మూడు మాటలతో ఆ దేవిక చదువు, ఇంకా ఎందరి చదువో పోయిందని పడుకోలేదు. తర్వాత వచ్చింది కోపం. స్వామికి కొత్తగా పోయేదేమీ లేదని రాశావు చూడు, దానికి.

మొన్న వాడి దగ్గరికి పోయాను. టెంటులో డప్పు పక్కన పెట్టుకుని బఠానీలు తింటున్నాడు. ఎస్సై అన్నది అన్నీ చెప్పాను. వాడు నవ్వాడు.

"చెప్పక్కా, నా పేరు చెప్పు. ఇంకో కేసు గాకపోతె ఇంకోటి. వెబ్‌సైటును గూడ పడగొట్టిండురా స్వామిగాడు అని ఊళ్లె పేరన్న వస్తది. నాకు ఆన్ చేసుడే రాదు, గదే నవ్వులాట."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నేను లేచి వస్తుంటే వెనకే వచ్చాడు. రోడ్డు దాటాక మెల్లగా అడిగాడు, "నిజంగ చెప్తవా అక్కా?"

వాడి ముఖం చూడలేకపోయాను. లేదని చెప్పి వచ్చేశాను. చెప్పినప్పుడు ధైర్యంగానే చెప్పాను. ఇంటికి వచ్చాక మళ్లీ భయం మొదలైంది.

భూమయ్య కాక కూడా వచ్చాడు. దేవికకు ఈ విడతలో సీటు రాలేదు. రెండో విడత ఉంటుందో లేదో, దాడి అని తేలితే ఒక తీరు, మీ తప్పని తేలితే ఒక తీరు అంటున్నారట. తిడతాడనుకున్నాను. తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"నేను నిన్ను మెచ్చుకుంట చెప్పిన బిడ్డా. గంత సక్కగ మమ్ముల నడిపిందని చెప్పిన. గా మైకోడు ఇంకోతీరు జేసిండు. నేనొస్త. ఆఫీసర్ ముంగట రాహుకాలం సంగతి నేను చెప్త."

విచారణకు హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. వచ్చే శుక్రవారం, ఇరవై ఆరు, పొద్దున పదకొండు గంటలకు నన్ను రమ్మని కాగితం ఇచ్చారు. ఆ మాట చెప్పగానే భూమయ్య కాక ముఖం మారింది.

"శుక్రారం పదకొండుకా? పన్నెండుకు పెట్టమని అడుగరాదు?"

"నేనడిగితె పెడ్తరా కాకా?"

"మరి నేను పన్నెండు దాటినంకనే అడుగు పెడ్త. ఏమనుకోకు. ఇప్పటికే బిడ్డది ఆగమైంది."

జయానందం సార్ నాతో వస్తాడు, కానీ లోపలికి నన్నొక్కదాన్నే పిలుస్తారట. అమ్మ కూడా అదే పాట. "కడుపునొప్పి అని చెప్పు, పన్నెండు దాటినంక పో బిడ్డా, గప్పుడైతె ఏ ఆఫీసరైన నీ మాట ఇంటడు" అంటుంది. నాకు నమ్మకం లేదని చెప్పలేను. భయం పట్టినప్పుడు నాకూ అన్నీ నిజమే అనిపిస్తున్నాయి. రాత్రి క్యాలెండర్ తీసి ఆ రాహుకాలం గళ్లు నేనే చూశాను.

అయినా పదకొండుకే పోతాను. లోపల ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాను. స్వామి తర్వాత వచ్చాడని చెప్తాను. ఒకటి, రెండు, మూడు అన్నది నేనేనని చెప్తాను. ఎందుకు ఆగామో, ఆషాఢం దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్తాను. నవ్వితే నవ్వనీ. నీ పేరు ఎత్తను. మీ గదిలో ఏం జరిగిందో నాకు తెలియదనే చెప్తాను, ఆ ఒక్క అబద్ధం నీ కోసం ఆడతాను.

కానీ నా సగం మాత్రమే విన్నవాళ్లకు అది నేరం ఒప్పుకున్నట్టే ఉంటుంది. అందరితో ఒక్కసారి నొక్కించాను, వెబ్‌సైట్ పడిపోయింది అని నా నోటితో నేనే అంటాను. మీవైపు సగం సర్వర్లు ఆగి ఉన్నాయన్న మాట పక్కన లేకపోతే నా నిజమే నన్ను పట్టిస్తుంది. మేం ఆగి తప్పు చేశామా, మీరు ఆపి తప్పు చేశారా, పండుగలూ వారాలూ చూడకుండా గడువు పెట్టినవాళ్లది తప్పా, నాకు తెలియదు. తప్పు లేనివాడు ఎవడో మాత్రం తెలుసు. వాడు రోడ్డు దాటాక నన్ను అడిగాడు.

నువ్వు రావాలని అడగడం లేదు. రాతపూర్వకంగా ఆ ఆఫీసరుకు నువ్వు చెప్పదలుచుకుంటే చెప్పు. చెప్పకపోతే, చెప్పడం లేదని నాకైనా రాయి. ఒంటరిగా లోపలికి పోతున్నానా, నా వెనక ఇంకొకరున్నారా అన్నది తెలిసి గడప దాటాలని ఉంది. నువ్వు చెప్పనని రాసినా నా మాట మారదు. నీ ఉత్తరం కాలిపోయింది, దానికి భయపడకు.

పదకొండు అంటే మంచిదే అని అమ్మకు సర్ది చెప్తున్నాను. ఆ గంటన్నర ఎవరూ దేన్నీ నొక్కరు కదా. గీత నేలకు అంటుకుని ఉంటుంది కదా. అంత ఖాళీలో ఒక్క మనిషి మాట్లాడితే, ఎవరికో ఒకరికి వినిపించకపోతుందా.

జవాబు గురువారం, ఇరవై ఐదో తారీకు లోపల నాకు అందేటట్టు రాయి. పోస్టు ఆలస్యమవుతుందనుకుంటే జూబ్లీ బస్టాండ్‌లో మెదక్ బస్సు కండక్టరుకు ఇవ్వు. గురువారం ఆఖరు బస్సు వచ్చేదాకా నేను బస్టాండ్‌లోనే ఉంటాను.

యశోద